డేనియల్ బూన్ ఇంటి చరిత్ర



వంశచరిత్రల సేకరణకు పాటుపడిన పెద్దల పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి, అమెరికా తొలినాటి వలస కుటుంబాల్లో ఒకదాన్ని ఎంచుకున్నాను. కెంటకీకి బాట వేసినవాడిగా డేనియల్ బూన్ పేరు మారుమోగింది. ఆ బాటకు ఇంటిల్లిపాదీ చెల్లించిన మూల్యం గురించి చెప్పడమే నా ఉద్దేశం.

తండ్రి స్క్వైర్ బూన్ ఇంగ్లండులోని డెవన్ నుంచి పెన్సిల్వేనియా చేరిన క్వేకరు శాఖ క్రైస్తవుడు. నేతపని, కమ్మరిపని చేసేవాడు. డేనియల్ 1734లో పుట్టాడు. పిల్లల్లో ఇద్దరు క్వేకర్లు కానివారిని పెళ్లాడడంతో క్వేకరు పెద్దలకూ స్క్వైరుకూ తగవు ముదిరి, సమాజం ఆయన్ను వెలివేసింది. 1750లో కుటుంబం ఉత్తర కరోలినాలోని యాడ్కిన్ లోయకు తరలింది. ఆ వలస వెనుక కొత్త నేల మీది ఆశతోపాటు వెలి బాధ కూడా ఉంది.

1756లో డేనియల్, రెబెకా బ్రయన్‌ను పెళ్లాడాడు. పదిమంది సంతానం. అతను వేటకు వెళితే నెలల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. 1769లో వెళ్లినవాడు 1771లో గాని తిరిగి రాలేదు. అన్నాళ్లూ పొలం, పశువులు, పిల్లలు రెబెకా బాధ్యతే. 1773లో కెంటకీకి కాపురం మార్చబోతే దారిలో జరిగిన దాడిలో పదహారేళ్ల పెద్దకొడుకు జేమ్స్ చనిపోయాడు. తర్వాత కెంటకీలో స్థిరపడ్డాక, 1778లో అక్కడి మూలవాసులైన షానీలు డేనియల్‌ను పట్టుకుపోయారు. భర్త ఇక లేడనుకుని రెబెకా పిల్లలతో కరోలినాకు వెళ్లిపోయింది; అప్పటికే పెళ్లయిన కూతురు జెమైమా మాత్రం కెంటకీ స్థావరమైన బూన్స్‌బరోలోనే ఉండిపోయింది. 1782లో బ్లూ లిక్స్ పోరులో మరో కొడుకు ఇజ్రాయెల్ నేలకొరిగాడు.

ఇంత పోగొట్టుకున్నా ఆ నేల వారికి దక్కలేదు. హక్కుపత్రాల చిక్కులు, వ్యాజ్యాలు, అప్పులతో కెంటకీ భూములన్నీ చేజారాయి. 1799లో కుటుంబం స్పెయిన్ ఏలుబడిలోని మిసోరీకి వెళ్లింది. రెబెకా 1813లో, డేనియల్ 1820లో అక్కడే కన్నుమూశారు.

అయితే కెంటకీ ఖాళీ నేల కాదు. అది షానీల వేటభూమి. 1768లో మరో మూలవాసులైన ఇరోక్వాలు ఆ ప్రాంతాన్ని బ్రిటిషు వారికి రాసిచ్చినప్పుడు షానీల సమ్మతి లేదు. వారి పోరాటాన్ని క్రూరత్వంగా మాత్రమే రాసిన చరిత్ర న్యాయమైనది కాదు. డేనియల్‌ను చెరపట్టిన షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ అతన్ని దత్తపుత్రుడిగా కూడా స్వీకరించాడు. బూన్ బానిసలను ఉంచుకున్నాడన్న నిజాన్నీ దాచకూడదు.

ఇవన్నీ మనకు తెలియడానికి లైమన్ డ్రేపర్ వంటి సేకరణకర్తల శ్రమ కారణం. 1851లో ఆయన మిసోరీ వెళ్లి బూన్ చిన్నకొడుకు నేథన్‌నూ, కోడలు ఆలివ్‌నూ దగ్గర కూర్చోబెట్టుకుని వారి జ్ఞాపకాలను రాసుకున్నాడు. కొడుకుతో సరిపెట్టుకోకుండా కోడలినీ అడిగాడు గనుకనే అడవికి వెళ్లినవాడి కథతోపాటు ఇంటిని నిలబెట్టినవారి కథా మిగిలింది.

వంశచరిత్ర రాసేవారికి నా విన్నపం ఇదే. మీ పూర్వీకుల ఘనతను రాయండి. దానికోసం ఎవరు కష్టపడ్డారో, ఎవరు నేల కోల్పోయారో కూడా అంతే శ్రద్ధగా రాయండి. అప్పుడే అది ఒక ఇంటి గొప్పగా మిగిలిపోకుండా జాతి చరిత్రలో భాగమవుతుంది.