మసకబారిన ముందుదీపములు

విద్యుద్దీపములు పల్లెలకు రాని దినములలో సాయంకాలమగుసరికి ప్రతి ఇంటను ఒక పని తప్పక జరుగుచుండెడిది. లాంతరు చిమ్నీని ఊడదీసి, లోపల పట్టిన మసిని బూడిదతోను మెత్తని గుడ్డతోను తుడిచి, వెలుతురునకు ఎత్తి చూచి, ఆ పిమ్మటనే దీపము వెలిగించెడివారు. చిమ్నీ మసిగా నున్నచో వత్తి ఎంత పెంచినను వెలుగు బయటికి రాదని పిల్లలకు సైతము తెలిసియుండెడిది. నేటి కార్ల ముందుదీపములు లాంతరుకంటె ఎన్నో రెట్లు శక్తి కలవి. అయినను వాని మూతలు పసుపుబారి, మీగడ కట్టినట్లు మసకబారినను, ఏండ్ల తరబడి వానివంక చూడని యజమానులు ఎందరో కలరు. ఆ మసకను గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఈ మసక చిమ్నీకి పట్టిన మసి వంటిది కాదు. మసి వచ్చి అంటుకొన్నది, కనుక తుడిచిన పోవును. దీపపు మూతమీది మసక ఆ మూతయొక్క చర్మమే చెడిపోవుటవలన కలిగినది. ఈ భేదము గ్రహింపకపోవుటవలననే చాలమంది తుడిచి తుడిచి విసిగి ఊరకుందురు. లేదా ఒకనాటి మెరుపును చూచి మోసపోవుదురు.

ఒకప్పుడు ఈ మూతలు గాజువే. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల గుండ్రని దీపములను చూచినవారికి ఇది జ్ఞాపకముండును. రాయి తగిలినచో గాజు పగులునే గాని, ఎండకు పసుపుబారదు. 1953లో జర్మనీయందు హెర్మన్ ష్నెల్, అమెరికాయందు డేనియల్ ఫాక్స్ అను ఇరువురు రసాయన శాస్త్రజ్ఞులు, ఒకరి సంగతి మరియొకరికి తెలియకయే, పాలీకార్బొనేటు అను పారదర్శకమైన ప్లాస్టిక్కును తయారుచేసిరి. దాని బరువు గాజులో సగము మాత్రమే. రాయి దెబ్బకు సులభముగా పగులదు. ఏ వంపు కావలసిన ఆ వంపు తిరుగును. అమెరికా ప్రభుత్వము 1983లో దీపముల నిబంధనలను సడలింపగా, 1984 సంవత్సరపు లింకన్ మార్క్ సెవెన్ కారు ఆ దేశమున కారు ఆకృతికి తగినట్లు మలచిన ప్లాస్టిక్కు దీపములతో మొదట వెలువడినది. క్రమముగా ఈ పద్ధతి లోకమంతటను వ్యాపించినది. నేడు మన వీధులలో తిరుగు కార్లన్నిటికిని ఇంచుమించు ఈ మూతలే.

అయితే పాలీకార్బొనేటునకు రెండు బలహీనతలు కలవు. అది గాజుకంటె చాల మెత్తనిది. దుమ్ముతో రుద్దినను గీతలు పడును. రెండవది, సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు సోకినకొలది దాని అణువుల అమరిక మారి పసుపురంగు పుట్టును. ఈ రెండింటినుండియు కాపాడుటకై ఫ్యాక్టరీలో దానిమీద గట్టి కవచము వంటి పూత పూయుదురు. అది తలవెండ్రుక మందముకంటెను పలుచనిది. మన ఎండకు, ఇంజను వేడికి, రోడ్డుమీది ఇసుకకు ఆ పూత కొన్ని ఏండ్లలో అరిగి, పగుళ్లు వారి, పొరలుగా లేచును. పూత పోయిన చోట లోని ప్లాస్టిక్కు నేరుగా ఎండకు గురియగును. మనకు కనబడు మసక ఇదియే.

అందముమాట అటుంచుదము. దీనివలన వెలుగునకు కలుగు నష్టమెంత? అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషనువారు 2018లో ప్రకటించిన పరీక్షల ప్రకారము, బాగుగా మసకబారిన దీపములు కొత్తవానితో పోల్చగా నూటికి ఇరువది పాళ్ల వెలుగును మాత్రమే ఇచ్చినవి. అనగా అయిదింట నాలుగు పాళ్లు మూతయొద్దనే వ్యర్థమైనవి. ఇప్పుడు చిన్న లెక్క వేయుదము. దూరము రెట్టింపైన కొలది వెలుగు నాలుగవ వంతునకు తగ్గునని పాఠశాలలో చదివియున్నాము. కొత్త దీపము లో బీములో అరువది మీటర్ల దూరమున నున్న మనిషిని చూపుననుకొందము. వెలుగు అయిదవ వంతునకు పడిపోయినచో ఆ చూపు ఇరువదియేడు మీటర్లకు కుదించుకొనిపోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు పదునారు మీటర్లకు పైగా సాగును. కంటికి కనబడి, మనస్సునకు తట్టి, కాలు బ్రేకుపై పడుటకు సెకనున్నర పట్టినచో అప్పటికే ఇరువదియైదు మీటర్లు గడచిపోవును. బ్రేకు పడిన పిమ్మట బండి నిలుచుటకు మరి ఇరువదిమూడు మీటర్లయినను కావలెను. ఇది మోటు లెక్కయే గాని, దాని తాత్పర్యము స్పష్టము. మసక దీపముతో పోవువాడు మనిషిని చూచి బ్రేకు మోపునప్పటికి ఆ మనిషి బండి ముందే ఉండును.

ఆ మనిషి ఎవరు? రాత్రి పొలమునకు నీరు పెట్టుటకు రోడ్డు దాటు రైతు కావచ్చును. వెనుక ఎర్రదీపము లేని ట్రాక్టరు ట్రాలీ కావచ్చును. వరికోతల కాలమున రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము చుట్టును పేర్చిన రాళ్లు కావచ్చును. వీనిలో దేనికిని సొంత వెలుగు లేదు. మన దీపమే వానికి దిక్కు.

మరియొక దోషము కలదు. మూతయొద్ద ఆగిపోయిన వెలుగంతయు మాయమైపోదు. నునుపైన మూత కిరణములను రోడ్డువైపు సక్రమముగా పోనిచ్చును. గరుకెక్కిన మూత వానిని నలుదిక్కులకు చెదరగొట్టును. పైకి చెదరినది ఎదుట వచ్చువాని కండ్లలో పడును. రాత్రి కడపటి ప్రసారము ముగించుకొని ఇంటిదారి పట్టు మాబోటివారికి ఇది నిత్యానుభవము. మసక దీపములవాడు తనకు దారి కానరాదు, ఎదుటివానికి దారి కాననీయడు. వెలుగు చాలలేదని కొందరు అసలున్న 60/55 వాట్ల బల్బును తీసి, అంతకు మించిన వాట్ల బల్బును పెట్టింతురు. మసిపట్టిన చిమ్నీలో వత్తి పెంచుట వంటిదే ఇదియు. చెదరు వెలుగు హెచ్చును, లోపలి వేడి హెచ్చును, మూత మరింత త్వరగా చెడును.

ఇక చికిత్స. ముందుగా రోగము ఎచ్చట నున్నదో చూడవలెను. మూతను కడిగి, తడిగా నున్నప్పుడే పరిశీలింపుడు. తడిసినప్పుడు మసక పోయి, ఆరగానే తిరిగి వచ్చినచో రోగము పైపొరలో నున్నది. గరుకులోని సందులను నీరు నింపుటవలన అది తాత్కాలికముగా నునుపై వెలుగును పోనిచ్చినది. ఇట్టి మూతను బాగుచేయవచ్చును. తడిసినను మసక పోనిచో దోషము లోపల నున్నదని అనుమానింపవలెను. లోపల చెమ్మ చేరినను, ప్లాస్టిక్కు లోతుగా పగుళ్లు వారినను, వెలుగును మళ్లించు లోపలి అద్దపు పూత చెడినను, పైన రుద్దుట వ్యర్థము. దీపమును మార్పించుటయే మంచిది.

పైపొర రోగమైనచో పని ఇట్లు సాగవలెను. మూతను సబ్బునీటితో కడిగి, చుట్టునున్న కారు రంగునకు గీతలు పడకుండ టేపు అంటింపవలెను. తరువాత మెకానిక్కులు వాటర్ పేపరు అను గరుకు కాగితమును నీటిలో నానబెట్టి, మూతను ఎడతెగక తడుపుచు రుద్దవలెను. బాగుగా చెడిన మూతకు 800 నంబరుతో మొదలిడి, 1500, 2000, 3000 నంబర్ల వరకు వరుసగా పోవలెను. నంబరు పెరిగినకొలది కాగితము మెత్తనగును. మొదట కారు నీరు పసుపుగా నుండును. పాత పూత పూర్తిగా పోయినకొలది తెల్లబారును. ఒక నంబరు గీతలు మరియొక నంబరుతో పూర్తిగా మాసిన గాని ముందునకు పోరాదు. ఈ దశలో మూత మునుపటికంటె మసకగా కనబడును, భయపడనక్కరలేదు. పిమ్మట పాలిష్ పట్టినచో తేటపడును.

చాలమంది ఇచ్చట ఆగిపోవుదురు. ఆగరాదని చెప్పుటకే ఈ ప్రసంగము. రుద్దుటతో మనము చెడిన చర్మమును ఒలిచితిమి, అంతే. ఇప్పుడు మూత కవచము లేని యోధుని వలె ఎండలో నిలిచియున్నది. అతినీలలోహిత కిరణములను అడ్డగించు పారదర్శకమైన పూతను కొత్తగా పూసి, అది గట్టిపడువరకు దుమ్ము, తడి తగులనీయక ఆరనిచ్చిన గాని పని పూర్తికాదు. పూత పూయనిచో కొలది నెలలలోనే మసక తిరిగి వచ్చును. షెడ్డులో ఈ పని చేయించువారు మెరుపును చూచి సంతోషించి డబ్బు చెల్లింపక, “పైన ఏ పూత పూసినారు?” అని అడుగవలెను.

పండ్లపొడి, టూత్‌పేస్టు రుద్దిన పోవునని కొందరందురు. అందులోని మెత్తని రాపిడి పదార్థము పైపసుపును కొంత తీయును, నిజమే. కాని మిగిలియున్న పూతను గూడ అరుగదీయును. నూనె పూసిన మూత తేటగా కనబడుట నీటి విద్య వంటిదే. నాలుగు వానలకు కరగిపోవును. పాత కారు కొనబోవువారు ఈ నూనె మెరుపును కనిపెట్టవలెను. పెట్రోలు, థిన్నరు వంటివి మాత్రము ఎన్నడును తగిలింపరాదు. అవి పాలీకార్బొనేటును పగుళ్లు వారజేయును.

బాగుచేసిన దీపము కొత్తదానితో సమానమగునా? కాదు. పైని చెప్పిన పరీక్షలలో బాగుచేసిన మూతలు నూటికి డెబ్బది పాళ్ల వెలుగు ఇచ్చినవి. మన లెక్క ప్రకారము చూపు ఇరువదియేడు మీటర్లనుండి ఏబది మీటర్లకు పెరుగును. బండి నిలుచుటకు కావలసినవి నలువదియెనిమిది. ప్రాణము నిలుచుటకు ఆ రెండు మీటర్లే చాలును.

రక్షణోపాయములు సులభమైనవి. బండిని నీడలో నిలుపుడు. నీడ లేనిచో దీపములు ఎండకు ఎదురు కాకుండ నిలుపుడు. పొడి దుమ్మును గుడ్డతో రుద్దక ముందు నీరు పోసి కడుగుడు. కొన్ని మాసములకొకసారి కిరణములను ఆపు మైనము పూయుడు. కొత్త దీపమునకైనచో మొదటినుండియే రంగులేని రక్షణ ఫిల్మును అంటించుట మేలు.

రవాణా వాహనములను ఫిట్‌నెస్ పరీక్షకు తరచుగా కొనిపోవలసియుండును. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. అంతవరకు దాని దీపమును పరీక్షించు అధికారి లేడు. మసక అంతకు ఎంతో ముందే వచ్చును. కనుక ఆ పరీక్ష యజమాని బాధ్యతయే. చీకటి పడిన పిమ్మట కారును ఒక గోడకు ఏడెనిమిది మీటర్ల దూరమున నిలిపి లో బీము వేసి చూడుడు. గోడమీద వెలుగునకును చీకటికిని నడుమ అంచు స్పష్టముగా గీచినట్లుండవలెను. అంచు అలుకుకొనిపోయి, వెలుగు పైకి ప్రాకినచో మీ దీపము రోడ్డును విడిచి ఎదుటివాని ముఖమును చూచుచున్నదని తెలిసికొనుడు. తెల్లవారిన పిమ్మట చేయవలసిన మొదటి పని అదియే.