క్షయకు టీకా: తేలవలసిన లెక్క



క్షయను మన పూర్వులు రాజయక్ష్మమనిరి. దక్షుని శాపమున చంద్రుడు దీనివలననే కృశించెనని పురాణము. చంద్రునకు శుక్లపక్షము కలదు; మందు తెలియని కాలమున రోగికి అది లేకపోయెను.

1882లో రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మక్రిమిని లోకమునకు చూపెను. 1908లో ఫ్రాన్సునందలి లీల్ నగరమున కాల్మెట్, గెరాన్ అను ఇరువురు పశువుల క్షయక్రిమిని గ్రహించి, ఎద్దు పిత్తముతో ఉడికించిన బంగాళాదుంప ముక్కలపై పెంచసాగిరి. సుమారు మూడు వారములకొకసారి క్రొత్త ముక్కపైకి మార్చుచు, 13 సంవత్సరములలో 230 పర్యాయములు మార్చిరి. నడుమ మహాయుద్ధమున నగరము శత్రువుల వశమైనను పని మానలేదు. క్రిమి బ్రతికియుండియే వ్యాధిని కలిగించు శక్తిని కోల్పోయెను. 1921లో పారిస్‌లో ఒక శిశువునకు దానిని తొలిసారి నోటి ద్వారా ఇచ్చిరి. అదియే బి.సి.జి. టీకా. మన దేశమున 1948లో ఈ కార్యము ఆరంభమైనపుడు మన మదనపల్లె ముందు నిలిచినది.

ఇది జమ. ఖర్చును కూడ వ్రాయవలయును గదా! శిశువులను మెదడు పొరల క్షయనుండి బి.సి.జి. కాపాడును. పెద్దల ఊపిరితిత్తుల మాటేమి? 1968 మొదలుకొని చెంగల్పట్టు ప్రాంతమున 2,80,000 మందికి పైగా జనులలో కొందరికి టీకాను, కొందరికి మందులేని ద్రవమును ఇచ్చి, ఎవరికేది ఇచ్చినదియు మరుగుపరచి, 15 సంవత్సరములు కనిపెట్టి చూచిరి. పెద్దలకు రక్షణ కానరాలేదు. ఆ ఫలితమును దాచక ప్రకటించిరి. దీనిని వైఫల్యమనువారు కలరు, నేననను. నిల్వ లేదని నిజాయితీగా వ్రాసినపుడే క్రొత్త రాబడిని వెదకుదుము. వ్యాధిని ఊరంతట వ్యాపింపజేయునది ముఖ్యముగా పెద్దల దగ్గే. కావున పెద్దలను కాచు టీకా వేరొకటి కావలెను.

క్రిమియందలి రెండు మాంసకృత్తుల భాగములను కూర్చి చేసిన ఎం72 అను టీకాను, క్రిమి లోపల నిద్రించుచున్న పెద్దలకు ఆఫ్రికా ఖండమున మూడు దేశములలో ఇచ్చి చూచిరి. 2019లో ప్రకటించిన లెక్క ఇది: మూడు సంవత్సరములలో టీకా పొందిన 1,626 మందిలో 13 మంది, పొందని 1,663 మందిలో 26 మంది రోగులైరి. వ్యాధి సగమునకు తగ్గినది. అయినను 39 మంది రోగుల లెక్కతో లోకమునకెల్ల టీకా వేయదగదు. అందుచేతనే 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో పెద్ద పరీక్ష ఆరంభమైనది.

క్రొత్త టీకా వచ్చునని చేతులు ముడుచుకొనరాదు. శిశువునకు బి.సి.జి. మానరాదు. రెండు వారములు మించిన దగ్గును దాచరాదు. ప్రభుత్వ వైద్యశాలలో కఫపరీక్షకును, మందులకును రుసుము లేదు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు చదువనేర్పినది. చదివిన దానిని ఇంటింట చెప్పుట మన వంతు.

సెలవు.