ఓడల బిడారు వెంట వెళ్లినవారు

ఏటా ఏప్రిల్ 5వ తేదీన మన దేశంలో జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుకొంటున్నాం. 1919లో ఆనాడు సింధియా కంపెనీవారి 'లాయల్టీ' అనే ఓడ బొంబాయినుండి లండనుకు బయలుదేరినది. సముద్ర వర్తకంలో విదేశీ కంపెనీల గుత్తాధిపత్యాన్ని ఎదిరించి భారతీయులు సాగించిన ఆ యాత్రకు గౌరవంగా 1964నుండి ఆ దినాన్ని పాటిస్తున్నారు. అది ఓడ బయలుదేరిన దినం. దాని మరునాడు, అనగా ఏప్రిల్ 6వ తేదీ, మన తూర్పుతీరానికి ఓడలు తిరిగిరాని దినం. దానికి ఉత్సవం లేదు, తోరణం లేదు. ఆ దినాన్ని గూర్చి, ఆ ఓడలమీద పనిచేసినవారిని గూర్చి, వారికోసం ఇండ్లలో ఎదురుచూసినవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పడం నా ఉద్దేశం.

1942 ఏప్రిల్ 6. అంతకు నెలరోజులు ముందే, మార్చి 8న, రంగూను జపానువారి వశమైనది. ఏప్రిల్ 5న కొలంబోమీద బాంబులు పడినవి. ఆ సమయంలోనే వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వాన మరొక జపాను నౌకాదళం బంగాళాఖాతంలో ప్రవేశించినది. అందులోని 'ర్యూజో' అనే విమాన వాహక నౌకనుండి లేచిన విమానాలు 6వ తేదీన విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేసినవి. నాటి బాంబు ఒకటి నేటికీ విశాఖపట్నంలోని ప్రదర్శనశాలలో ఉన్నది. పిల్లలు దానిచుట్టూ చేరి వింతగా చూస్తూ ఉంటారు.

తీరంమీద పడిన బాంబులు జనానికి జ్ఞాపకమున్నవి. నడిసముద్రంలో జరిగిన నష్టం అంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. కలకత్తానుండి దక్షిణదిశగా వస్తున్న వర్తకపు ఓడలు ఆనాడు యుద్ధనౌకల కాపుదల లేకుండా, చిన్న చిన్న గుంపులుగా ప్రయాణం చేస్తున్నవి. ఒజావా దళంలోని క్రూయిజరులు, విమానాలు వానిని వెదకి వెదకి ముంచివేసినవి. 'మాల్డా', 'ఇండోరా', 'గందారా' మొదలైన పేర్లుగల ఓడలు ఇరవైకి పైగా కొద్ది దినాలలో అడుగంటినవి. వానిలో సరంగులు, ఖలాసీలు, బొగ్గు వేసేవారు, వంటవారు ఉన్నారు. బతికినవారు పడవలలో కళింగతీరానికి కొట్టుకొని వచ్చినారు. మిగిలినవారు రాలేదు.

ఇది కృష్ణా డెల్టాకు దూరపు మాట అనిపించవచ్చును. మచిలీపట్నం రేవు పూడికచేత పెద్ద ఓడలు తీరానికి రాలేక దూరాన నిలిచే స్థితికి ఎన్నడో వచ్చినది. యుద్ధం నాటికి బెజవాడ రైళ్లకూడలేగాని రేవుపట్టణం కాదు. అయినప్పటికీ మన జిల్లాల జీవితం బంగాళాఖాతంతో ముడిపడియే ఉన్నది. తెలుగువారు వేలాదిగా రంగూనుకు కూలికి, కొలువుకు, వర్తకానికి ఓడలమీదనే వెళ్లినారు. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడిన తరువాత కొందరు అరకాను కొండలగుండా కాలినడకను వచ్చినారు. ఓడలో చోటు దొరికినవారు సముద్రంమీద వచ్చినారు. బర్మానుండి బియ్యం రావడం నిలిచిపోయినప్పుడు మన వరిగాదెలమీద పడిన భారం ఎటువంటిదో నాటి రైతు కుటుంబాలకు తెలుసు. ఓడ నడిస్తే తిండి నడుస్తుంది, మనుషులు ఇల్లు చేరుతారు. ఓడ మునిగితే రెండూ మునుగుతాయి.

ఓడలు నడవడానికి కనిపెట్టిన ఉపాయమే కాన్వాయి. మన పల్లెలలో పూర్వం దొంగలభయం ఉన్న బాటలలో రాత్రివేళ ఒంటిబండి కట్టేవారు కారు. పది బండ్లు కూడి బిడారుగా బయలుదేరేవి. ముందు ఒకరు, వెనుక ఒకరు కర్రతో నడిచేవారు. సముద్రంమీద జరిగినదీ అదే. ఇరవై ముప్పై ఓడలు వరుసలు తీరి కదులుతాయి. చుట్టూ చిన్న యుద్ధనౌకలు కావలి కాస్తాయి. అన్నిటికంటె మెల్లగా నడిచే ఓడ ఎంత వేగంతో పోగలదో బిడారంతా అంతే వేగంతో పోవాలి. రాత్రి దీపం వెలిగించరాదు. పగలు పొగ ఎక్కువగా విడువరాదు. కావలినౌక నీటిలోనికి ధ్వనితరంగాలను పంపి, అవి దేనికైనా తగిలి తిరిగివస్తే, అడుగున జలాంతర్గామి ఉన్నదని అనుమానిస్తుంది. అప్పుడు నీటిలోనికి దిగి పేలే మందుపీపాలను జారవిడుస్తుంది. ఈ పని నెలల తరబడి చేసినా, చాలా దినాలలో ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడమే వారి విజయం.

దీనికి మన తీరంలోనే ఒక నిదర్శనం ఉన్నది. 1944 ఫిబ్రవరి 11న కొలంబోనుండి కలకత్తాకు పోతున్న ఒక కాన్వాయి విశాఖపట్నానికి దక్షిణాన, తీరానికి ఎంతో దూరంలేని చోట సాగుతున్నది. 'రో-110' అనే జపాను జలాంతర్గామి దానిమీద టార్పెడో ప్రయోగించినది. 'ఆస్ఫాలియన్' అనే ఓడకు దెబ్బ తగిలినది గాని అది మునిగిపోలేదు. వెంటనే భారత నౌకాదళానికి చెందిన 'జమునా', ఆస్ట్రేలియావారి 'ఇప్స్విచ్', 'లాన్సెస్టన్' నౌకలు మూడూ కలిసి ఆ జలాంతర్గామిని వేటాడి ముంచివేసినవి. 1944లో బంగాళాఖాతంలో జపానువారి పెద్ద నౌకాదళం లేదన్నమాట నిజమే; కనుక రెండు సంఘటనలనూ సరిసమానంగా తూచరాదు. అయినా ఒంటరిగా పోయిన ఓడలకు, కాపుదలతో పోయిన ఓడలకు గల భేదం ఒకే సముద్రంలో, రెండేండ్ల వ్యవధిలో, ఇంతకంటె స్పష్టంగా కనిపించదు.

యుద్ధారంభంలో రాయల్ ఇండియన్ నేవీ అనబడే ఆ దళంలో రెండువేలమందికి లోపే ఉన్నారు. యుద్ధం ముగిసేనాటికి వారి సంఖ్య సుమారు 30,000కు చేరినది. ఆ దళంలోనికి యుద్ధకాలంలో మద్రాసు రాజధానినుండి యువకులు పెద్ద సంఖ్యలో చేరినారు. విశాఖపట్నంలోని స్థావరానికి 'సర్కార్స్' అని పేరు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదు ఉత్తర సర్కారుల పేరది. బెజవాడ పొరుగున ఉన్న కొండపల్లి కూడ అందులో చేరినదే.

నౌకలకు నదుల పేర్లు పెట్టినారు. 'గోదావరి' ఉన్నది, 'కిస్ట్నా' అనే పేరుతో మన కృష్ణా ఉన్నది. రెండూ 1943లో బ్రిటనులో తయారై కాపుదలపనికి వచ్చినవి. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల సమీపంలో జర్మనీవారి 'యు-198' అనే జలాంతర్గామిని ముంచినవారిలో గోదావరి నావికులున్నారు. 1945లో అరకాను తీరపు సంగ్రామంలో కృష్ణా పాల్గొన్నది. దేశ విభజనలో గోదావరి నౌక పాకిస్తానుకు పోయి 'సింధ్' అయినది. కృష్ణా మనకే దక్కి, తరువాత ఎంతోకాలం కొత్త నావికులకు శిక్షణ ఇచ్చే నౌకగా పనిచేసినది.

వీనికంటె చిన్నదైన 'బెంగాల్' నౌక కథ చెప్పక తీరదు. 1942 నవంబరు 11న అది 'ఒండినా' అనే డచ్చి నూనె ఓడకు తోడుగా హిందూమహాసముద్రంలో పోతున్నది. పదివేల టన్నులకు మించిన రెండు జపాను సాయుధ నౌకలు ఎదురైనవి. బెంగాల్ బరువు ఏడువందల టన్నుల చిల్లర, దానికి గల పెద్ద ఫిరంగి ఒక్కటే. అది నూనె ఓడను తప్పించుకొని పొమ్మని, తానే శత్రువుకు ఎదురేగినది. ఆ పోరులో శత్రునౌకలలో ఒకటైన 'హొకోకు మారు' పేలి మునిగినది. ఒండినా కెప్టెను మరణించినాడు. కాని రెండు నౌకలూ రేవులు చేరినవి.

యుద్ధనౌకలమీద ఉన్నవారికి దుస్తులు, పతకాలు, హోదా ఉన్నవి. కాపుదలకింద నడిచిన వర్తకపు ఓడలవారికి అవి లేవు. బ్రిటిషు ఓడలలో పనిచేసే నావికులలో సుమారు నాలుగోవంతు భారతీయులు. ఎక్కువమంది సిల్హెట్టు, చిట్టగాంగు, నౌఖాలి, రత్నగిరి, గోవా ప్రాంతాలవారు. మన తీరంవారు వారిలో కొద్దిమందియే. 'లస్కర్లు' అని పిలవబడిన వీరు అధికంగా ఓడ అడుగున, కొలిమిగదులలో ఉండేవారు. టార్పెడో తగిలేదీ అక్కడనే. వారి జీతం తెల్లనావికుల జీతంకంటె ఎన్నో రెట్లు తక్కువ. 1939లో యుద్ధం ప్రారంభం కాగానే జీతాలు పెంచాలని వారు బ్రిటనులోని రేవులలో సమ్మె చేసినారు. కొందరు జైళ్లకు వెళ్లిన తరువాతనే కొంత పెంపు లభించినది.

1940 సెప్టెంబరు 17 రాత్రి అట్లాంటిక్ సముద్రంలో 'సిటీ ఆఫ్ బెనారస్' అనే ఓడ మునిగినది. కాపుదల నౌకలు ఆ ఉదయమే వేరొక పనిమీద వెళ్లిపోయినవి. కెనడాకు తరలించబడుతున్న బ్రిటిషు బాలబాలికలు 77 మంది ఆ రాత్రి చనిపోయినారు. లోకం ఆ పిల్లలకోసం కన్నీరు కార్చినది; కార్చవలసినదే. కాని ఆ ఓడ సిబ్బందిలో అధికులు భారతీయులని, వారిలోనూ ఎందరో మరణించినారని చాలామందికి తెలియదు. ఎనిమిది దినాలు సముద్రంమీద తేలి చివరకు రక్షింపబడిన ఒక పడవలో కూడ ఎక్కువమంది మన నావికులే.

ఇక ఇండ్లలో ఉన్నవారి మాట. ఓడల కదలికలు శత్రువుకు తెలియరాదని యుద్ధకాలంలో వానిని వార్తలలో చెప్పేవారు కారు. అందుచేత ఏ ఓడ ఎక్కడ ఉన్నదో, బతికి ఉన్నదో మునిగినదో కుటుంబానికి తెలిసే వీలు లేదు. మా విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. యుద్ధకాలంలో డెల్టా ప్రజలకు దిక్కు మద్రాసు, ఢిల్లీ కేంద్రాల వార్తలే. ఆ వార్తలలో కోటలు కూలేవి, సైన్యాలు కదిలేవి. ఇంటినుండి వెళ్లిన కుర్రవాని ఓడ పేరు మాత్రం వినిపించదు. చెప్పకపోవడం ఓడలకు క్షేమం, తల్లికి శిక్ష. రేడియోలో పనిచేసే మేము ఈ విషయాన్ని మరువరాదు. ఆనాడు దేశక్షేమంకోసం పలకని పేర్లను తరువాతనైనా పలకవలసిన బాధ్యత రేడియోమీద ఉన్నది.

భూమిమీద మరణించినవానికి చితియో, సమాధియో ఉంటుంది. సముద్రంలో పోయినవానికి ఏదీ లేదు. పోయినాడని నమ్మకం కలిగేవరకు కర్మ చేయరు. జాడ తెలియనివానికోసం పన్నెండేండ్లు ఎదురుచూడాలని మనలో ఒక ఆచారమున్నది. ఆ పన్నెండేండ్లు ఆ ఇంటి ఇల్లాలు ముత్తైదువా, వితంతువా? పేరంటానికి పిలవాలా, మానాలా? యుద్ధచరిత్రలు ఈ ప్రశ్నలను వ్రాయవు. తీరగ్రామాలలో వేటకు వెళ్లి తిరిగిరానివారి కుటుంబాలకు యుద్ధం లేకపోయినా ఈ బాధ తెలుసు.

ఆ మృతులకు స్మారకం లేకపోలేదు. సముద్రంలో మరణించిన అవిభక్త భారతదేశపు నావికులు, వర్తకపు ఓడలవారు, మొత్తం ఆరువేలకు పైగా పేర్లు వ్రాసిన గ్రంథాలు రెండున్నవి. ఒకటి ముంబయిలోని భారతీయ నావికుల వసతిగృహంలోను, రెండవది బంగ్లాదేశంలోని చిట్టగాంగు యుద్ధ శ్మశానవాటికలోను ఉన్నవి. లండనులోని టవర్ హిల్ స్మారకంమీద బ్రిటిషు వర్తక నావికుల పేర్లు కంచుఫలకాలపై బహిరంగంగా కనబడతాయి. మనవారి పేర్లు పుస్తకంలో ఉన్నవి. పుస్తకం తెరిచి చూసేవాడు ఉంటేనే పేరు కనబడుతుంది.

బతికి వచ్చినవారి కథ మరొక విధమైనది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికుల తిరుగుబాటు ప్రారంభమైనది. విశాఖపట్నంలోని నావికులు కూడ దానిలో చేరినారు. సముద్రంమీద ప్రాణాలొడ్డి కాపుదల కాసినవారే మంచి తిండి, సమానగౌరవం, దేశ స్వాతంత్ర్యం కావాలని నిలిచినారు. అనేకులు ఉద్యోగాలు పోగొట్టుకొని ఇండ్లు చేరినారు. వర్తకపు ఓడలవారికైతే నేటికీ 'మాజీ సైనికులు' అనే నిర్వచనంలో చోటు లేదు.

యుద్ధం ముగిసేనాటికి ఇరవై ఏండ్లవాడైన నావికునికి ఇప్పటికి నూరేండ్లు. కనుక నావికులను సన్మానించే కాలం దాదాపు దాటిపోయినది. వారి కుటుంబాలు మాత్రం ఉన్నవి. కొన్ని ఇండ్లలో పాత ట్రంకుపెట్టె అడుగున ఓడ ఉద్యోగపు పుస్తకమో, రంగుపట్టీ వెలిసిన పతకమో, ఇంగ్లీషులో టైపు చేసిన పసుపుపచ్చని కాగితమో ఉండవచ్చును. అది ఏమిటో ఇంటిలోని చిన్నవారికి తెలియకపోవచ్చును, పాతసామానులో కలిసిపోవచ్చును.

అటువంటిది మీ ఇంటిలో ఉంటే దానిని పారవేయకండి. వెనుకవైపున పెన్సిలుతోనైనా మూడు విషయాలు వ్రాసిపెట్టండి: మనిషి పేరు, ఊరు, ఓడ పేరు. ఇంటిలోని పెద్దవారికి తెలిసిన కథను ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. దాని నకలు ఒకటి మీ ఊరి గ్రంథాలయానికో, పాఠశాలకో ఇవ్వండి. ఉపాధ్యాయులు ఏప్రిల్ 6వ తేదీన తరగతిలో దానిని చదివించవచ్చును.

జరిగిన ఆపదకు మనుష్యులు స్మారకం కడతారు. తప్పిపోయిన ఆపదకు ఎవరూ కట్టరు. కాన్వాయిలవెంట కావలి కాసినవారు మనకు ఇచ్చినది అటువంటి తప్పిపోయిన ఆపదలనే. రేవు చేరిన ప్రతి ఓడ, దిగిన ప్రతి బియ్యపుబస్తా, ఇల్లు చేరిన ప్రతి రంగూను ప్రయాణికుడు వారి పనికి సాక్షులు. ఆ సాక్ష్యానికి చేర్చవలసినవి పేర్లు. అవి మన ఇండ్లలోనే ఉన్నవి.