పాము దాగు చోటు



నేటి ప్రసంగ విషయము విన్నంతనే మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పామును ఇంటినుండి వెడలగొట్టుట యెట్లని యడుగువారే కాని, దానికి దాగు చోటు కట్టియిచ్చుట యెట్లని యడుగువారు మన పల్లెలలో లేరు. అయినను ఈ సంగతి యెఱిగినచో రెండు లాభములు గలవు. పామును పోషించువాడు దానిని బ్రదికించుకొనగలడు. పాము వలదనువాడు తన యింటిని కాపాడుకొనగలడు. రెంటికిని మూలమొక్కటియే.

అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో విషములేని పాములను ముచ్చటకై పెంచువారు పెక్కురు గలరు. వారికి ప్రియమైనవి రెండు జాతులు. ఒకటి అమెరికా ఆగ్నేయభాగమునకు చెందిన ఎఱ్ఱని పాము. అచ్చటివారు దానిని మొక్కజొన్న పామందురు. రెండవది ఆఫ్రికా పడమటి దేశముల చిన్న కొండచిలువ; బెదరినపుడు తల లోపల దాచుకొని బంతివలె చుట్టుకొనును. ఇవి స్వస్థానములందు ఎలుక బొరియలలోను, చెట్ల బెరడు క్రిందను, చెదపుట్టలలోను అణగియుండును. అట్టి ప్రాణిని మఱుగులేని గాజుపెట్టెలో నుంచినచో, ఎలుకను ముందుంచినను ముట్టదు. వారముల తరబడి యుపవసించి కృశించును. యజమానుడు రోగమేమో యని వెదకును. దాని రోగము భయమే.

అందుచేత తెలిసినవారు మొదట దాగు చోటును సిద్ధపఱతురు. దానికి ధనమక్కఱలేదు. పూలమొక్కలు పెట్టు మట్టికుండీ నొకదానిని బోర్లించి, అంచున కొంచెము పగులగొట్టి, ఆ పగులును రాతితో నునుపుగా నూఱిన చాలును. మేత మ్రింగి లావెక్కిన పాము సయితము ఒరసికొనక దూరగలిగినంత ద్వారముండవలెను. లోపల మాత్రము చీకటిగాను ఇఱుకుగాను ఉండవలెను. చుట్ట చుట్టుకొన్నపుడు ప్రక్కలు గోడలకు తగులవలెను. మనకు విశాలమైన గది సుఖము. పామునకు ఇఱుకే ధైర్యము. అట్టపెట్టె యైనను పనికివచ్చును, మలినమైనపుడు పాఱవేయవచ్చును. కాని జిగురుపట్టీలతో నతికింపరాదు. అవి పొలుసులకంటుకొని చర్మమును చీల్చును. ఱాళ్లతో గూడు కట్టదలచినచో వానిని పెట్టె యడుగుననే కదలకుండ నిలుపవలెను. ఇసుకపై నిలిపినచో పాము క్రింద త్రవ్వును. ఱాయి దానిపైనే కూలును.

ఇట్టి గూళ్లు రెండుండవలెను. పాము తన దేహమున తాను వేడిని పుట్టించుకొనజాలదు. చుట్టునున్న వేడినే గ్రహించును. వెచ్చని కొననొకటి, చల్లని కొననొకటి యుంచవలెను. చల్లని చోటనే గూడున్నచో, భయము చేత అందే యణగియుండును. తిన్నది జీర్ణము కాదు. కుబుసము విడుచు కాలమున కన్నులు పాలవలె తెల్లబాఱును. అపుడు గూటిలో తడినాచు కొంచెముంచినచో కుబుసము చినుగక యూడివచ్చును.

మన దేశమునను ఇట్టి విద్య యొకటి గలదు. చెన్నై సమీపమున వడనెమ్మేలి గ్రామమున ఇరుల తెగవారు 1978వ సంవత్సరమున సహకార సంఘము నేర్పఱచుకొనిరి. వారు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగు విషసర్పములను ప్రభుత్వానుమతితో పట్టి, మట్టికుండలలో నుంచి, మూతికి వస్త్రము కట్టుదురు. చల్లని చీకటికుండయే వానికి పుట్ట. కొన్ని వారములలో విషము పలుమాఱులు తీసి, మరల అడవిలో విడుతురు. పాముకాటునకు విఱుగుడు మందు ఆ విషమునుండియే తయారగును. ఈ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గారలకు 2023లో పద్మశ్రీ లభించినది.

ఇక మన యిండ్ల మాట. గోడకానించిన కట్టెల మోపు, పిడకల కుప్ప, పెరటిలోని ఇటుకల దొంతి, గాదె క్రింది ఎలుక బొక్క: ఇవి యన్నియు నేను చెప్పిన లక్షణములు గల గూళ్లే గదా! చీకటి, ఇఱుకు, చెంతనే మేత. పామును పిలిచినది మనమే. కావున కట్టెలను ఇంటికి దూరముగ, ఎత్తైన అరుగుపై పేర్చుడు. ఎలుక బొక్కలను పూడ్పించుడు. కట్లపాము రాత్రులందు నిద్రించువారిని కఱచును గనుక నేలపై పరుండక, మంచముపై దోమతెర చెక్కి పరుండుడు. కాటు పడినచో మంత్రములకై కాలము వ్యర్థము చేయక, గాయమును కోయక, బిగించి కట్టక, కఱవబడినవానిని నడిపింపక తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పుడు.

మన దేశపు పాములను పట్టి యింట నుంచుకొనుటను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. ఆ ముచ్చట మనకు వలదు. నాగులచవితినాడు మనము పుట్టకు మ్రొక్కుదుము. పాము పాలు త్రాగునది కాదు; పొలములోని ఎలుకలే దాని యాహారము. పంటను కాచు ఆ ప్రాణికి పొలముగట్టున పుట్టను విడిచి, మన యింట మాత్రము గూడు లేకుండ చేసినచో ఉభయులకును క్షేమము. ఈ మాట మీ యూరివారికి చెప్పవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.