అయిదు రొట్టెలు, అనుదిన విశ్వాసము



గోదావరిఖని బొగ్గు గనులలో మొదటి షిఫ్టునకు పోవువారు ప్రొద్దు పొడువకముందే సద్ది కట్టుకొని ఇల్లు విడుతురు. వారు త్రవ్వు బొగ్గు రామగుండము విద్యుత్కేంద్రములో మండి వెలుగగుచున్నది. ఆ కేంద్రపు ఉద్యోగులకై వెలసిన జ్యోతినగరులోను, చుట్టునున్న కార్మికవాడలలోను క్రైస్తవ కుటుంబములు గలవు. యంత్రములతోను లెక్కలతోను దినము గడుపు వారికి రెండువేల యేండ్లనాటి అద్భుతకార్య మొకటి ఏ విధముగా తోడ్పడగలదు? నేడు మనము దీనిని విచారింతము.

యేసు ప్రభువు అయిదువేలమంది పురుషులకు, వారితోకూడ స్త్రీలకును పిల్లలకును ఆహారము పెట్టిన కథ నాలుగు సువార్తలలోను కలదు. ప్రొద్దు గ్రుంకుచున్నది, జనమును పంపివేయుమని శిష్యులు కోరిరి. రెండువందల దేనారముల రొట్టెలైనను చాలవని ఫిలిప్పు లెక్క చెప్పెను. దేనారమనగా నాటి కూలివాని ఒక దినపు కూలి. లెక్కలో తప్పులేదు. అంద్రెయ ఒక చిన్నవానిని చూపి, వానియొద్ద అయిదు యవల రొట్టెలును రెండు చేపలును ఉన్నవనియు, ఇందరికి అవి ఏపాటివనియు పలికెను. యవల రొట్టె పేదవాని తిండి. మన ప్రాంతపు జొన్నరొట్టె వంటిది. ప్రభువు ఆ కొంచెమునే చేతబట్టుకొని, కృతజ్ఞతలు చెల్లించి, పంచిపెట్టించెను. అందరును తృప్తిగా తినిన పిమ్మట మిగిలిన ముక్కలు పండ్రెండు గంపలు నిండెను.

ఈ కథను తలపించు కట్టడ మొకటి మన మెదకులోనే కలదు. ఆ ప్రాంతము కరవువాత పడిన దినములలో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దేవాలయ నిర్మాణమునకు పూనుకొని, పనిచేసినవారికి అన్నము పెట్టించెను. 1914లో మొదలైన పని పదేండ్లు సాగెను. 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అందు సుమారు 5000 మంది కూర్చుండగలరు. ఆ కరవులో ఆకాశమునుండి రొట్టెలు రాలలేదు. రాళ్లెత్తిన చేతులును, అన్నము వండిన చేతులును ప్రాణములను నిలిపినవి.

అయినను ఒక కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. అట్టి వేళ గనివద్ద ఎదురుచూచువారిలో తమ దైవమును వేడుకొననివా రెవరుందురు? నీరు వెనుకకు మరలలేదు. అట్టి ఇంటిలో అద్భుతకార్యమును గూర్చి ఏమని మాటలాడగలము?

విశ్వాసము గట్టిదైనచో ఆపద రాదని చెప్పుట ఆ మృతులను నిందించుటయే యగును. సువార్త అట్లు చెప్పదు. యోహాను తన సువార్తలో ఈ కార్యమును సూచకక్రియ యనెను. మరునాడు జనము కపెర్నహూముదాక వెదకికొని రాగా, కడుపు నిండినందుననే వచ్చితిరని ప్రభువు వారిని మందలించెను. మరి ఆ సూచన దేనిని చూపుచున్నది? ఆకలిగొన్నవారిని పంపివేయని వానిని చూపుచున్నదని మా తలంపు.

మన వాడలలో చావు జరిగిన ఇంట పొయ్యి వెలుగదు. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెత్తురు, మతమేదని అడుగరు. ఆ గిన్నెడు అన్నము పోయినవారిని తేజాలదు. కాని ఆ ఇంటివారిని ఎవరును విడిచిపెట్టలేదని తెలుపును. క్రైస్తవుడు ఆ గిన్నెను చేతబట్టుకొని పోవునప్పుడు అయిదు రొట్టెల కథ అతనికి గ్రంథములోని కథగా మాత్రమే ఉండదు.

కనుక సద్ది విప్పునప్పుడు ఒక క్షణము కృతజ్ఞత చెల్లింతము. ప్రక్కనున్నవాడు వట్టి చేతులతో వచ్చెనేమో చూతము. మిగిలిన ముక్కలను పారవేయక, పోగుచేయించిన ప్రభువును తలంతము. మనయొద్ద నున్నది చాలదని ఫిలిప్పువలె లెక్క చెప్పవచ్చును. ఆ లెక్క నిజమే కావచ్చును. అయినను ఆ దినమున జనము భుజించినది ఒక చిన్నవాని రొట్టెలనే. వాని పేరును సువార్త చెప్పలేదు.