ఉగాది – చదివి వినిపించవలసిన పండుగ

(పాఠశాల తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఉగాదిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. మన హోసూరు, కృష్ణగిరి సీమలోని తెలుగు ఇండ్లకు ఈ పండుగ క్రొత్తది కాదు. తోరణము ఎట్లు కట్టవలెనో, పచ్చడి ఎట్లు కలుపవలెనో ఇచ్చట కూర్చున్న తల్లులకు నేను చెప్పవలసిన పని లేదు. వారే నాకు చెప్పగలరు. అయితే ఈ పండుగ ఎట్లు ఏర్పడినది, దాని ఆచారములకు అర్థమేమి, వానిలో ఏది మన ఇండ్లనుండి తొలగిపోవుచున్నది అను మూడు విషయములను మీ ముందుంచ దలచితిని.

మొదట పేరు. 'యుగాది' అను సంస్కృత పదమే తెలుగున 'ఉగాది' అయినది. యుగమునకు ఆది యని అర్థము. యుగమనగానే మనకు కృత, త్రేతాది మహాయుగములు తోచును గాని, వేదాంగ జ్యోతిషమున యుగమనగా అయిదు సంవత్సరములు మాత్రమే. ఆ యుగము చైత్రముతో గాక, ఉత్తరాయణము ప్రవేశించు మాఘ శుద్ధ పాడ్యమితో ఆరంభమయ్యెడిది. తరువాతి కాలమున లెక్క మారినది. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు తన గ్రంథమునందు యుగము, సంవత్సరము, మాసము, దినము అను నాలుగును చైత్ర శుద్ధ పాడ్యమినాడే ఒక్కసారిగా ఆరంభమైనవని చెప్పెను. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణియందు అదే మాటను మరల చెప్పెను. బ్రహ్మదేవుడు సృష్టి నారంభించిన దినము ఇదేయని పురాణ వచనము. కావున ఈ పండుగకు ఒక వైపు పురాణము, మరియొక వైపు గణితము నిలిచియున్నవి. ఈ రెండింటిని కలిపి పట్టుకొనిన పుస్తకమే పంచాంగము.

ఇక సంవత్సరముల లెక్క. మన పంచాంగములయందు శాలివాహన శకము వాడుకలో నున్నది. ఇది క్రీ. శ. 78తో ఆరంభమగును. శాలివాహనుడు శత్రువులను జయించి ఈ శకమును స్థాపించెనని ప్రజలు చెప్పుకొందురు. చరిత్రకారులు దీని పుట్టుకను శక, కుషాణ రాజులతో ముడిపెట్టుదురు. శాలివాహనుని పేరు దీనికి చేరినది చాల శతాబ్దముల తరువాతనే. ఏమైనను దక్షిణ దేశమున ఈ శకము ప్రాచీనము. బాదామి కొండమీద మొదటి పులకేశి చెక్కించిన శాసనమున శకము 465, అనగా క్రీ. శ. 543, స్పష్టముగా కలదు. 1957 మార్చి 22 నుండి భారత ప్రభుత్వము స్వీకరించిన జాతీయ పంచాంగము కూడ శక సంవత్సరములనే లెక్కించును.

పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మనకు ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో వచ్చును, ప్రక్కింటి తమిళులకు సంవత్సరాది ఏప్రిల్ 14న ఏల వచ్చును?" అని. కొందరు పెద్దలు "వారిది వారిది, మనది మనది" అని త్రోసివేయుదురు. అది చాలదు. కారణము చక్కగా చెప్పదగినదే. మనది చాంద్రమానము, చంద్రుని గతినిబట్టి మాసము. తమిళులది సౌరమానము, సూర్యుడు మేషరాశి ప్రవేశించుటతో వారికి సంవత్సరము. చాంద్రమాసములు పండ్రెండు కూడిన సుమారు 354 దినములు. సౌర సంవత్సరము 365 దినములు. ఏటేట వచ్చు ఈ పదునొకండు దినముల తేడాను సరిచేయుటకే రెండు మూడేండ్ల కొకసారి అధికమాసము వచ్చును. 2023లో ఉగాది మార్చి 22న వచ్చినది. ఆ యేట అధిక శ్రావణము చేరినందున 2024లో ఏప్రిల్ 9న వచ్చినది. 2025లో మరల వెనుకకు జరిగి మార్చి 30న వచ్చినది.

చిత్రమేమనగా, సంవత్సరముల పేర్లు మాత్రము మనకును తమిళులకును ఒక్కటే. 2025 మార్చి 30న మనకు విశ్వావసు ఆరంభము కాగా, పదునైదు దినములకు, ఏప్రిల్ 14న, వారికిని విశ్వావసుయే ఆరంభమైనది. ప్రభవ మొదలు అక్షయ వరకు ఈ పేర్లు అరువది. గురుడు సుమారు పండ్రెండేండ్లకు, శని సుమారు ముప్పదియేండ్లకు ఆకాశమును చుట్టివత్తురు. అరువదియేండ్లకు ఇరువురును ఇంచుమించు మొదటి చోటికే చేరుదురు. పుట్టిన సంవత్సరము పేరు మరల వచ్చినప్పుడు షష్టిపూర్తి చేయుట ఇందువలననే.

ఉగాది మన ఒక్కరి పండుగయు కాదు. అదే దినమున కన్నడిగులు బేవు-బెల్ల అను వేపను, బెల్లమును తిని యుగాది జరుపుకొందురు. మహారాష్ట్రులు వెదురు కఱ్ఱకు పట్టువస్త్రము, వేపరెమ్మలు, చక్కెర బిళ్లల దండ కట్టి, పైన చెంబు బోర్లించి, గుఢీ పాడ్వా యని ఇంటి ముందు నిలుపుదురు. ఒడిశాలోని మన తెలుగువారు చైత్ర పాడ్యమికి ఉగాది చేసికొని, మేష సంక్రాంతికి ఇరుగుపొరుగువారు ఇచ్చు బెల్లపు పానకమును కూడ త్రాగుదురు. అచ్చట దానిని పణా సంక్రాంతి యందురు. తమిళుల ఇండ్లలోను చిత్తిరై మొదటినాడు వేపపువ్వును, మామిడికాయను పచ్చడిలో వాడుట కలదు. శ్రీశైలమునకు ఉగాది సమయమున కర్ణాటక, మహారాష్ట్రములనుండి వేలకొలది భక్తులు కాలినడకన వత్తురు. కావున మన పండుగను మనము నిలుపుకొనుట యనగా పొరుగువారికి దూరమగుట కాదు. వారితో మనకు గల చుట్టరికమును తెలిసికొనుట.

ఆచారములకు వత్తము. తెల్లవారుజామున నువ్వులనూనెతో అభ్యంగనము, నూతన వస్త్రధారణము, గడపకు పసుపు కుంకుమలు, ద్వారమునకు మామిడాకు తోరణము. ఆ పిదప పరగడుపున పచ్చడి. క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, వేపపువ్వు, మామిడి పిందెలు, ఉప్పు, మిరపకాయ: ఇవి షడ్రుచులు. పులుపు, తీపి, చేదు, వగరు, ఉప్పు, కారము అన్నియు అందులో నున్నవి. వేప పూచుటయు, మామిడి పిందె వేయుటయు ఈ ఋతువుననే. అంగడిలో కొనవలసినది కొంచెమే. చెట్టుక్రింద గుడ్డ పరచి వేపపువ్వు ఏరుకొని వచ్చుట పిల్లల పని. తెలంగాణమున క్రొత్త కుండలో పలుచగా పానకమువలె కలుపుదురు. ఇతరచోట్ల చిక్కగా చేయుదురు. ఏ విధముగా చేసినను, రాబోవు సంవత్సరమున చేదును తీపిని సమముగా స్వీకరింతుమని తొలి ముద్దతోనే ఒప్పుకొనుట దీని భావము. ఈ దినమున మొదలైన వసంత నవరాత్రములు శ్రీరామనవమితో ముగియును.

ఇవన్నియు మనయొద్ద నేటికిని చెక్కుచెదరకున్నవి. తొలగిపోవుచున్నది వేరొకటి. అది పంచాంగ శ్రవణము.

ఉగాదినాటి ముఖ్య విధులలో ఇది యొకటి. తిరుమలలో స్వామివారి ఆస్థానమున పంచాంగము చదువుదురు. పల్లెలో గుడి మండపమున పురోహితుడు చదువును. ఇంటిలో తాతగారు చదువుదురు. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదు అంగములు గలది పంచాంగము. తిథులు 30, వారములు 7, నక్షత్రములు 27, యోగములు 27, కరణములు 11. ఆ పిమ్మట నవనాయకుల ఫలములు. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమున వచ్చునో ఆ వారాధిపతియే సంవత్సరమునకు రాజు. 2025లో ఆదివారము వచ్చినందున రవి రాజైనాడు. మేష సంక్రమణ దినము యొక్క అధిపతి మంత్రి. సస్యాధిపతి, మేఘాధిపతి మొదలగువారు వేర్వేరు సంక్రమణములనుబట్టి వత్తురు. తరువాత వర్షము, పంటలు, ధరలు; చివరకు ఒక్కొక్క రాశికి ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు. వినువారు "నా రాశి ఎప్పుడు వచ్చునా" యని కాచుకొని యుందురు. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వినబడగానే ఇల్లంతయు నవ్వును.

ఈ ఫలములను నమ్మవలెనా మానవలెనా యని నేను చెప్పబోను. అది వారి వారి ఇష్టము. నేను చెప్పునది వేరు. మన పండుగలలో కొన్నింటికి దీపము ప్రధానము, కొన్నింటికి నైవేద్యము ప్రధానము. ఉగాదికి చదువుట, వినుట ప్రధానము. ఒకరు తెలుగు అక్షరములను చూచి గట్టిగా చదువవలెను. తక్కినవారు కూర్చుండి వినవలెను. చదువువారు లేని ఇంట ఉగాది భోజనముతో ముగిసిపోవును.

మన సంగతి చూడుడు. మన ఇండ్లలో మాట తెలుగే. పిల్లలు అమ్మతో తెలుగున పోట్లాడుదురు, అవ్వతో తెలుగున కథలు విందురు. కాని చదువుట దగ్గరకు వచ్చునప్పటికి తమిళ అక్షరములు తెలియును, ఆంగ్ల అక్షరములు తెలియును. తెలుగు అక్షరములను చాల ఇండ్లలో ఎరుగరు. మన బడికి వచ్చు పిల్లలు అదృష్టవంతులు. వారి అన్నలు, అక్కలు అనేకులు వేరు బడులలో చదివి తెలుగు చదువలేనివారైరి. ఒక తల్లి నాతో అన్న మాట చెప్పెదను. "మా మామయ్యగారు పోయినప్పటినుంచి మా యింట్లో పంచాంగం విప్పేవాళ్లే లేరు సార్. ప్రతి యేడూ కొంటాము, నాలుగు మూలలా పసుపు పెడతాము, దేవుడి గూట్లో పెడతాము. అంతే." ఆ యిల్లాలి కుమారుడు మన బడిలో ఏడవ తరగతి చదువుచున్నాడు. తెలుగు చక్కగా చదువగలడు. అయినను ఆ బాలునిచేత చదివింపవలెనను ఆలోచన ఇంటిలో ఎవరికిని రాలేదు. చదువుట పెద్దల పని, పురోహితుల పని యని వారు తలంచిరి.

రాజ్యాంగము 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. వీనివలన బడికి బలము చేకూరినది. కాని బడిలో నేర్చిన అక్షరమునకు ఇంటిలో పని లేకపోయినచో, ఆ పిల్లవాడు దానిని పరీక్షకు మాత్రమే దాచుకొనును. పరీక్ష ముగిసినంతనే మరచును. "తెలుగు నేర్చినందువలన ఏమి లాభము సార్?" అని తండ్రులు నన్నడుగుదురు. ఉద్యోగమునకు తమిళము, ఆంగ్లము కావలెను. నిశ్చయముగా నేర్పుడు, బాగుగా నేర్పుడు, మేమును నేర్పుచున్నాము. తెలుగు అక్షరమునకు మాత్రము ఇంటిలోనే ఒక పని కల్పింపుడని నా ప్రార్థన. ఉగాది ఆ పనిని సిద్ధముగా ఉంచినది.

కావున మేమొక యేర్పాటు చేయుచున్నాము. పండుగకు ముందు రెండు వారములు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో దినమునకొక పీరియడు పంచాంగము చదువుట నేర్పుదుము. అందలి పొడి అక్షరములు, అనగా 'ఉ' యన్నచో ఉదయము, 'రా' యన్నచో రాత్రి, 'తె' యన్నచో తెల్లవారుజాము అను సంకేతములు చెప్పుదుము. ఘడియకు 24 నిమిషములు, దినమునకు 60 ఘడియలు కనుక లెక్కల పాఠమును అందులోనే కలదు. చిత్తా నక్షత్రము దగ్గర పూర్ణచంద్రుడుండు మాసము చైత్రమనియు, విశాఖ దగ్గర నుండునది వైశాఖమనియు రాత్రివేళ ఆకాశము చూపుదుము. ఇతర మతముల పిల్లలకు ఈ గణితము, ఋతువుల పేర్లు చాలును. ఫలభాగము వారికి నిర్బంధము కాదు.

మీరు చేయవలసినది మూడే పనులు. పండుగనాడు పచ్చడి తినిన పిమ్మట టెలివిజనును, సెల్ ఫోనును కొంతసేపు ప్రక్కన పెట్టుడు. దేవుని గూటిలోని పంచాంగమును పిల్లవాని చేతికిచ్చి, సంవత్సరము పేరు, ఆనాటి తిథి వార నక్షత్రములు, ఇంటిలోనివారి రాశి ఫలములు గట్టిగా చదివింపుడు. చదువునప్పుడు తప్పు పలికినచో నవ్వకుడు. అవ్వగారు వినుచున్నంతసేపు అది తప్పు కాదు, అభ్యాసము. తెలుగు చదువరాని తండ్రులు సిగ్గుపడ నక్కరలేదు; బిడ్డ చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వినుటయు పంచాంగ శ్రవణమే.

రాబోవు సంవత్సరము మీ ఇండ్లలో ధాన్యముతో, ఆరోగ్యముతో, పిల్లల చదువు ధ్వనితో నిండియుండుగాక యని భగవంతుని ప్రార్థించుచున్నాను.