వయసు గడి ఖాళీగా వదలకండి

ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ డాక్టర్లకు అభినందనలు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నా తొలి ఉద్యోగంలో నాది అందుకు తలకిందులైన జబ్బు. ఎదురుగా ఉన్న పచ్చదనమే నాకు కనబడలేదు. ఓపీ రిజిస్టరులో 'కామెర్లు' అని రాసి, వయసు, వీధి గడులు వదిలేసేవాణ్ణి. ఒకనాడు మా ఏఎన్ఎం గారు ఆ పేజీ చూసి, "సార్, వీళ్లలో ఐదుగురిది ఒకే వీధి. అక్కడి కుళాయి గుంతలోకి వానొస్తే మురుక్కాలవ దిగుతుంది" అన్నారు. ఆమెకు తెలిసింది నా రిజిస్టరుకు తెలియదు.

ఇలా మురుగు కలిసిన నీళ్లతో వచ్చే కామెర్లకు ఒక కారణం హెపటైటిస్-ఎ వైరస్. అది ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు, సగటున 28 రోజులు పడుతుంది. కళ్లు పచ్చబడకముందే మలంలో వైరస్ పోతూంటుంది. కాబట్టి "నిన్న ఏం తిన్నావు?" అని అడిగి లాభం లేదు. "నెల కిందట ఏ పెళ్లికి వెళ్లావు, ఎక్కడి నీళ్లు తాగావు?" అని అడగాలి. 1988లో షాంఘైలో దాదాపు 3 లక్షల మందికి ఈ జబ్బు సోకింది. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన గుల్లలను సరిగా ఉడికించకుండా తినడమే కారణమని, రోగులను అలా అడిగే తేల్చారు. వారిలో ఎక్కువమంది యువతీ యువకులే.

వయసు గడి విలువ అక్కడే ఉంది. ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి ఇది సోకినా కామెర్లు కనబడవు, రక్షణ మాత్రం జీవితాంతం ఉంటుంది. నీళ్లు బాగుపడిన చోట పిల్లలు ఈ వైరస్‌ను ఎరగకుండా పెద్దవాళ్లవుతారు. అప్పుడు ఒక్క బావి చెడితే మంచాన పడేది వాళ్లే. 2024లో కేరళలోని మలప్పురం, ఎర్నాకుళం జిల్లాల్లో ఈ జబ్బు ప్రబలింది. పిల్లల్లో కనబడకుండా సోకే జబ్బు కాబట్టి, కేసులు లేని జిల్లా క్షేమంగా ఉందనీ, పెరిగిన జిల్లా పాడైందనీ అంకె ఒక్కటే చూసి చెప్పలేం. టీకా ఎవరికి ముందు వేయాలో తేల్చాలన్నా, ఏ వయసువాళ్లు జబ్బుపడుతున్నారో తెలియాలి.

రేపు మీ ముందు కూర్చునే రోగి పసరు మందు తాగి వచ్చి ఉండొచ్చు. కసురుకోకండి. కసిరితే ఆ మనిషి మళ్లీ రాడు, వాళ్ల వీధి సంగతి మీకు చెప్పడు. వయసు, ఊరు, జబ్బు మొదలైన రోజు రాసుకోండి. సాయంత్రం ఆశా కార్యకర్త వెంట ఆ వీధి కుళాయి దాకా నడవండి.